దిగడం రాని నర్సమ్మ

మోకాళ్ల నొప్పులకు వాడాల్సిన మందులన్నీ వాడేశాక, పోయిన నెలలో మా కోడలు నన్ను విజయనగరంలో ఒక ఫిజియోథెరపీ వాళ్ల దగ్గరకు తీసుకువెళ్లింది. అక్కడ నన్ను ఒక సైకిల్ ఎక్కించారు. దానికి హ్యాండిల్ ఉంది, సీటు ఉంది, పెడళ్లు ఉన్నాయి, చక్రాలు మాత్రం లేవు. ఎంత తొక్కినా ఎదురుగా అదే గోడ. ఆ గోడ మీద మనిషి సైకిల్ ఎందుకు తొక్కాలో పెద్ద అక్షరాలతో రాసి పెట్టారు: గుండెకు మంచిదట, కొవ్వు కరుగుతుందట, పెట్రోలు మిగులుతుందట, గాలి పాడవదట. పది నిమిషాలు తొక్కి ఆ నాలుగు ముక్కలూ కంఠతా పట్టేశాక, మా మనవరాలి వయసున్న పిల్ల ఒకతె వచ్చి నా చెయ్యి పట్టుకుని, దిగేటప్పుడు జాగ్రత్త అమ్మమ్మగారూ, అసలు చిక్కంతా దిగడంలోనే ఉంటుంది అన్నది. నాకు నవ్వు ఆగలేదు. నవ్వీ నవ్వీ దగ్గు వచ్చింది, మా కోడలు కంగారుపడి మంచినీళ్లు తెచ్చింది. నా ఉద్యోగంలో మొదటి సంవత్సరమంతా ఆ పిల్ల తెలియకుండానే ఒక్క ముక్కలో చెప్పేసిందని వాళ్లకు ఎలా తెలుస్తుంది?

మా కాలంలో ఆ గోడ మీది కారణాల కోసం సైకిల్ తొక్కినవాళ్లు నాకు ఒక్కరూ గుర్తుకు రారు. కొవ్వు కరగాలంటే ముందు ఉండాలి కదా. మా నాన్న శృంగవరపుకోట దగ్గర మిషన్ బడిలో పంతులు. బడి మా ఇంటికి కూతవేటు దూరం, అయినా రోజూ సైకిల్ మీదే వెళ్లేవారు. నడిచి వెళితే ప్రతి అరుగు మీది మనిషీ ఎక్కడికి పంతులూ అని అడుగుతాడు, రోజూ వెళ్లే బడికే అని రోజూ చెప్పుకోవాలి, సైకిల్ మీదయితే గంట కొట్టి సాగిపోవచ్చు, అదీ ఆయన కారణం. మా మేనమామ సంగతి ఇంకా విచిత్రం. ఆయన సైకిల్ కొని వసారా దూలానికి తాళ్లతో వేలాడదీశాడు. ఆదివారం ఆదివారం దాన్ని దించి, కొబ్బరినూనె గుడ్డతో తుడిచి, మళ్లీ వేలాడదీసి, ప్రార్థనకు నడిచి వచ్చేవాడు. సైకిల్ ఉండి నడవడంలో ఉన్న దర్జా సైకిల్ లేక నడవడంలో లేదని ఆయన వాదన. మనుషులు సైకిళ్లు ఎందుకు తొక్కుతారో, ఎందుకు తొక్కరో గోడల మీద రాసిపెట్టేవాళ్లకు అంత సులువుగా దొరకదు.

అయితే గంట కొట్టి సాగిపోవడం అన్ని వీధుల్లోనూ చెల్లేది కాదు. పెద్దవాళ్లు ఎదురైతే చిన్నవాళ్లు సైకిల్ దిగాలి, వాళ్లు దాటిపోయేదాకా నడిపించుకుంటూ వెళ్లాలి, ఆ తరవాతే ఎక్కాలి. ఊళ్లో పెద్ద రైతు అరుగు మీద కూర్చుని ఉంటే ఆ అరుగు ఈ చివర దిగి ఆ చివర ఎక్కాలి. కుర్రవాళ్లకు ఊరు దాటేసరికి టైర్ల కంటే చెప్పులే ఎక్కువ అరిగేవి. ఆ దిగడంలో కొంత పెద్దరికానికి ఇచ్చే మర్యాద, కొంత మా బోటివాళ్లు ఆ వీధిలో ఎలా నడుచుకోవాలో చెప్పే కట్టడి. ఏ వీధిలో ఏది ఎంత పాలో మా నాన్నకు బాగా తెలుసు. దాని గురించి ఆయన ఎప్పుడూ మాట్లాడేవారు కాదు, దిగి నడిచేవారు, అంతే.

ఇక నా సంగతి. అరవైల చివర్లో నేను నర్సు ట్రైనింగు పూర్తి చేశాను. ఉద్యోగాలు వేసే ముందు మాచేత ఒక కాగితం నింపించారు. అందులో సైకిల్ తొక్కడం వచ్చునా అని ఒక ప్రశ్న. నాకు రాదు. మా నాన్న సైకిల్‌ను ఎవరినీ ముట్టుకోనిచ్చేవారు కాదు. నా పక్కన కూర్చున్న స్నేహితురాలు, వచ్చునని రాయవే, వచ్చునన్నవాళ్లకే మంచి ఊళ్లు ఇస్తారట అని గుసగుసలాడింది. తను మాత్రం భయపడి రాదని నిజం రాసింది. దానికి రైలు స్టేషను ఉన్న నౌపడ ఇచ్చారు. నాకు నరసన్నపేట రోడ్డు దిగి నాలుగు మైళ్లు లోపలికి, గట్ల మీదా గెడ్డ వాగుల మీదా పోతేగాని చేరని ఊరు ఇచ్చి, సంతకం పెట్టించుకుని ఒక ఆకుపచ్చ ఆడవాళ్ల సైకిల్ చేతికిచ్చారు. వెనక చక్రంలో చీర పడకుండా రంగు దారాల వల కూడా ఉంది దానికి. సీటు తుప్పుపట్టి పైనే బిగుసుకుపోయింది. నేను పొట్టి. అబద్ధం రాసినందుకు ఇంతకంటే తగిన శిక్ష దేవుడికి కూడా తోచి ఉండదని ఇప్పటికీ నా నమ్మకం.

మొదటి రెండు నెలలూ ఆ సైకిల్‌ను నడిపించుకుంటూనే తిరిగాను. హ్యాండిల్‌కు మందుల సంచి తగిలించి, ఒక చెయ్యి సీటు మీద వేసి, నాకు అప్పగించిన నాలుగు ఊళ్లూ దాన్ని పక్కన పెట్టుకుని నడిచాను. నాకు తొక్కడం రాదని తెలిస్తే ఆ కబురు మా పై డాక్టరుగారికి చేరుతుంది, కాగితం మీద రాసిన అబద్ధం బయటపడుతుంది, ఉద్యోగం పోతుంది. అందుకని ఎవరేం అడుగుతారో అని రోజూ భయపడేదాన్ని. కానీ ఊళ్లో జరిగింది వేరు. ఆ ఊరి పెద్ద రైతును అందరూ బుగతగారు అనేవాళ్లు. ఆయన మీసాలు చూస్తేనే సగం ఊరు సైకిల్ దిగేది. ఆయన ఒకరోజు అరుగు మీద నలుగురిలో కూర్చుని, నేను సైకిల్ నడిపించుకుంటూ పోతుంటే చూసి, ఊరి కుర్రకారుకు నన్ను చూపించి పాఠం చెప్పారట. ఉద్యోగం చేసే పిల్ల, సర్కారు సైకిల్ చేతిలో ఉండి కూడా ఊళ్లో ఒక్క గజం తొక్కదు, చదువుకున్నవాళ్ల వినయం అంటే అది అని.

ఆ మాటతో నాకు అన్ని గుమ్మాలూ తెరుచుకున్నాయి. సూది పేరెత్తితే తలుపులేసుకునే ఇళ్లలో కూడా పీట వేసి కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చేవాళ్లు. బుగతగారి చిన్న కోడలికి అప్పుడు ఆరో నెల. మా ఇంటి పురుడు నర్సమ్మే పోస్తుందని ఆయన అరుగు మీదే ప్రకటించారు. ఒక్క మంత్రసానమ్మకే అనుమానం. ఆవిడ ఆ ఊళ్లో సగంమందిని తన చేతుల్లోకి తీసుకున్న ముసలావిడ. నన్ను పైనుంచి కింది దాకా చూసి, "ఏటమ్మా, నువ్వు దాన్ని తోలుకెల్తన్నావా, అది నిన్ను తోలుకెల్తన్నాదా?" అన్నది. నేను వినయంగా నవ్వి ఊరుకున్నాను. వినయానికి అలవాటుపడితే అది అన్నింటికీ పనికొస్తుంది.

అయితే వినయంతో నాలుగు మైళ్లు త్వరగా తరగవు. ఒకరోజు పక్క ఊరి నుంచి కానుపు కబురొస్తే సైకిల్‌ను ఈడ్చుకుంటూ గట్ల మీద పరుగెత్తి పరుగెత్తి వెళ్లాను. అది వెంట లేకపోతే ఇంకా ముందే చేరేదాన్ని. నేను వెళ్లేసరికి మంత్రసానమ్మ అన్నీ ముగించి గుమ్మంలో కూర్చుని చుట్ట కాలుస్తోంది. "ఒచ్చీసావా తల్లీ. బిడ్డడు పుట్టి, తానమాడి, పాలు తాగి తొంగున్నాడు. లేపమంతావేటి?" అన్నది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ ఆ రోజు తల్లి సుఖంగా ఉంది కనక అది నవ్వులాట అయింది. లేకపోతే ఏమయ్యేదన్న ఆలోచన దారంతా నన్ను తినేసింది. ఆ సాయంత్రం మంత్రసానమ్మ ఇంటికి వెళ్లి, కాళ్ల దగ్గర కూర్చుని, పెద్దమ్మా, నాకు సైకిల్ తొక్కడం రాదు అని చెప్పేశాను. ఆవిడ చుట్ట తీసి పక్కన పెట్టి, "నాకు తెల్దేటి?" అన్నది.

నాకు సైకిల్ నేర్పింది ఆవిడే. జన్మలో ఎప్పుడూ సైకిల్ ఎక్కని మనిషి. తెల్లవారుజామున ఊరవతల కల్లంలో, నన్ను ఒక రాయి మీద నుంచి సీటు మీదికి ఎక్కించి, వెనక నుంచి నడుము పట్టుకుని, కానుపుల దగ్గర చెప్పే మాటలే చెప్పేది. భయపడకు, ఊపిరి బిగపట్టకు, ముందుకు సూడు, ఇంకాస్త ఇంకాస్త అనేది. పన్నెండో రోజున చెయ్యి వదిలేసింది, నేను సాగిపోయాను. అంత ఆనందం నాకు ఉద్యోగం వచ్చిననాడు కూడా కలగలేదు. ఆ ఆనందంలో మేమిద్దరం ఒక సంగతి మరిచిపోయాం. ఎక్కడానికి రాయి ఉంది, తొక్కడానికి ధైర్యం వచ్చింది, దిగడం మాత్రం ఆవిడకూ తెలియదు, నాకూ తెలియదు. సీటు ఎత్తుకు నా కాలు నేలకు అందదు. బ్రేకు వేస్తే ఏ పక్కకు పడాలో సైకిలే నిర్ణయించేది. అందుకని ఎక్కడ అరుగుందో, ఎక్కడ మైలురాయి ఉందో మనసులో లెక్క పెట్టుకుని, అక్కడికి చేరి దాని మీద కాలు ఆనించి దిగడం అలవాటు చేసుకున్నాను. మధ్యలో ఎవరడ్డొచ్చినా ఆగే ప్రశ్న లేదు. గంట కొట్టేదాన్ని, కేకలు పెట్టేదాన్ని, సాగిపోయేదాన్ని.

మూడో రోజునే బుగతగారు ఎదురయ్యారు. నడివీధిలో, ఇద్దరు చుట్టాలను పక్కన పెట్టుకుని, ఈవిడే మా నర్సమ్మ, చూడండి ఎంత వినయమో అని చెప్పబోతూ నిలబడ్డారు. నేను వాళ్ల ముగ్గురి మధ్య నుంచి గంట కొడుతూ వెళ్లిపోయాను. దండమైనా పెట్టలేదు, చేతులు హ్యాండిల్ వదిలితే కదా. మర్నాడు ఆయన అరుగు మీద ఉండగా అటువైపు చూడకుండా పోయాను, ఎందుకంటే అటు చూస్తే సైకిల్ కూడా అటే పోయేది. ఊరంతా గుప్పుమంది. పిల్లకు కొమ్ములొచ్చాయన్నారు. బుగతగారు మాత్రం ఒక్క మాటే కబురు పెట్టారు. "మా గుమ్మం తొక్కొద్దని సెప్పండి" అన్నారట. అంతే, ఒక్కొక్క ఇంట్లో పీట వెయ్యడం మానేశారు. నిజం చెప్పుకుందామంటే ఉద్యోగం భయం, చెప్పకపోతే పొగరుబోతునన్న పేరు. రెండింటి మధ్యా నేను రోజూ ఆ వీధిలో గంట కొట్టుకుంటూ తిరిగాను.

నాకు పేరు పోయినందుకు లేని బెంగ చిన్న కోడలి గురించి పట్టుకుంది. ఎనిమిదో నెల వచ్చేసరికి ఆ పిల్లకు కాళ్లు పొంగడం మొదలైందని మంత్రసానమ్మ చెప్పింది. ఆ వాపు తన చేతిలోది కాదని కూడా చెప్పింది. చెప్పగలిగినంత చెప్పి చూసింది కానీ, బుగతగారు గర్భిణికి కాళ్లు పొంగవా అని కొట్టిపారేశారు. నేను లోపలికి వెళ్లడానికి లేదు, ఆ పిల్ల బయటికి రావడానికి లేదు. అందుకని ఆ పిల్లే ఒక ఉపాయం కనిపెట్టింది. వాళ్ల పెరటి కంచె పక్కనుంచి నేను రోజూ పొద్దున వెళ్లే వేళకు అక్కడ నిలబడి, నేను దగ్గరకు రాగానే చీర కుచ్చిళ్లు కాస్త ఎత్తి పాదాలు చూపించేది. నేను ఆగలేను, ఆమె మాట్లాడలేదు. ఆ మూడు క్షణాల్లో కాళ్ల పరీక్ష అయిపోయేది. ఉప్పు మానెయ్యి అని ఒకరోజు, ఎడమ పక్కకు పడుకో అని ఒకరోజు, పోతూ పోతూ అరిచేదాన్ని. అటువంటి వైద్యం ఏ ట్రైనింగులోనూ నేర్పలేదు.

ఒక పొద్దున ఆ పిల్ల కుచ్చిళ్లు ఎత్తలేదు. రెండు చేతులతో కంచె పట్టుకుని నిలబడింది. ముఖం పొంగిపోయి ఉంది. నేను గంట కొడితే, ఎవరో ఆనవాలు పట్టలేనట్టు కళ్లు చికిలించి నా వైపు కాక నా పక్కకు చూసింది. గర్భిణులకు మూర్ఛలు తెచ్చే గుర్రపువాతం వచ్చేముందు కళ్లు మసకలు కమ్ముతాయని మాకు చెప్పిన పాఠం అప్పుడు నాకు అక్షరం అక్షరం గుర్తుకొచ్చింది. మూర్ఛలు మొదలైతే ఇద్దరూ దక్కరు. నేను దిగడానికి అలవాటైన అరుగు ఇంకా రెండు వీధుల అవతల ఉంది. దగ్గరలో ఉన్నది ఒక్కటే, బుగతగారి వాకిలి. అక్కడ ఆయనా ఇంకో నలుగురూ కూర్చుని ఉన్నారు, పక్కన గడ్డికుప్ప ఉంది. నేను ప్రభువును తలుచుకుని హ్యాండిల్ అటు తిప్పేశాను.

గడ్డికుప్ప నన్ను ఆపింది. సైకిల్ ఒక పక్క, మందుల సంచి ఒక పక్క, నేను సరిగ్గా బుగతగారి కాళ్ల ముందు బోర్లా పడ్డాం. ఆయన మీసం సవరించుకుని, "ఇన్నాల్టికి దిగాలని తెలిసిందేటి?" అన్నారు. నేను లేచి, నోట్లో గడ్డి ఉమ్మి, బాబుగారూ, నాకు దిగడం రాదండి, ఎప్పుడూ రాదు అన్నాను. "మరి ముందర ఎంతో మరియాదగా నడిపించుకొని ఎల్లీదానివి కదా" అన్నారు. అప్పుడు ఎక్కడం కూడా రాదండి అన్నాను. దాచుకున్న అబద్ధమంతా ఆ వాకిట్లో ఐదుగురి ముందు ఒలికిపోయింది. "అంటే నేను మెచ్చుకున్నాదీ నీకు రాకపోడాన్నే, కోప్పడినాదీ నీకు రాకపోడాన్నేనా?" అన్నారు. అవునండి అన్నాను. ఎవరో కిసుక్కున నవ్వారు, ఆయనకూ పెదవి వణికింది. ఆ సందులో నేను, అయ్యా, ఆ సంగతి తరవాత, ముందు మీ కోడలిని బండెక్కించండి, ఆలస్యమైతే దక్కదు అని చెప్పేశాను. నవ్వు అక్కడే ఆగిపోయింది.

బండి కట్టడానికి ఎక్కువసేపు పట్టలేదు. మంత్రసానమ్మ కోడలి తల ఒళ్లో పెట్టుకుని బండిలో కూర్చుంది. ఎడ్లకు నాలుగు మైళ్లంటే గంట పైమాటే, ఈలోగా శ్రీకాకుళం బస్సు వెళ్లిపోతే మళ్లీ మధ్యాహ్నం దాకా మరొకటి లేదు. అందుకని బుగతగారే నన్ను పట్టుకుని సైకిల్ ఎక్కించి తోశారు. నేను ముందుగా పోయాను. అంత వేగంగా అంతకుముందూ తొక్కలేదు, ఆ తరవాతా తొక్కలేదు. రోడ్డెక్కేసరికి బస్సు కదులుతోంది. దిగి చెయ్యి ఎత్తే విద్య నాకు లేదు కనక బస్సుకు ఎదురు వెళ్లి దాని ముందే పడ్డాను. డ్రైవరు తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. సంగతి విన్నాక మాత్రం బండి వచ్చేదాకా బస్సు ఆపాడు. ఆలస్యమైందని సణిగిన ఆడవాళ్లే ఆ పిల్లను చూసి వెనక సీటంతా ఖాళీ చేసి పడుకోబెట్టారు. బండి వెంట వచ్చిన బుగతగారూ నేనూ ఆ బస్సే ఎక్కాం. నాలుగో రోజున శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా దక్కారు. ఆ పొద్దున ఇంకొక గంట గడిచి ఉంటే ఇద్దరూ లేకపోదురని అక్కడి డాక్టరుగారు అన్నప్పుడు, బుగతగారు వరండాలో గోడ వైపు తిరిగి నిలబడ్డారు.

కోడలు ఇంటికి వచ్చిన వారానికి ఊళ్లో ఒక వింత జరిగింది. బుగతగారు మనుషులను పెట్టి ప్రతి వీధి మొదట్లోనూ చివరా మోకాలెత్తు రాయి ఒకటి పాతించారు, నేను కాలు ఆనించి దిగడానికి. ఊరు వాటికి నర్సమ్మ రాళ్లు అని పేరు పెట్టింది. బండ్ల ఇరుసులు తగులుతున్నాయని గొణిగినవాళ్లు గొణిగారు, మేకలు కట్టుకున్నవాళ్లు కట్టుకున్నారు. నా అబద్ధం సంగతి మాత్రం ఊరు దాటి మా పై డాక్టరుగారి దాకా పోలేదు. ఎవరూ పోనివ్వలేదు.

రాళ్లు ఊళ్లోనే ఉన్నాయి, గట్ల మీద లేవు. నాట్లు పడిన కొత్తలో ఒకరోజు పక్క ఊరికి పోతున్నాను. సైకిల్ ఒక్కటే పట్టే గట్టు, అటూ ఇటూ నీళ్లు నిండిన మడులు. ఎదురుగా బుగతగారు సైకిల్ మీద వస్తున్నారు. గంటల ఎడ్లబండి ఉండి కూడా ఆయన సైకిల్ తొక్కడానికి కారణం ఉంది. బండయితే పక్కన ఆయన భార్య కూర్చుని దారి పొడుగునా సలహాలు చెప్పేదట. ఆయన అప్పుడే ఉతికిన తెల్ల పంచె కట్టుకుని ఉన్నారు. ఎవరో ఒకరు దిగాలి. దిగవలసింది నేను, దిగడం రానిదీ నేనే. ఇంతలో, ఆయన కోసం ఊరంతా దిగుతుందే తప్ప ఎవరి కోసమూ దిగని ఆ మనిషి, సైకిల్ దిగి, దాన్ని భుజాన వేసుకుని, మడిలోకి మోకాలి లోతు బురదలోకి దిగి నిలబడ్డారు. "దిగకు తల్లీ, దిగితే పడతావు. ఎల్లు, ఎల్లు" అన్నారు. నేను వెళ్లాను. దండం పెట్టడానికి చేతులు ఖాళీ లేవు. గట్టు దాటేదాకా కళ్లు తుడుచుకోవడానికి కూడా ఖాళీ లేకపోయింది. దారి పొడుగునా దిగి నడిచిన మా నాన్న ఆ గట్టు మీద నా వెనక ఉండి చూస్తే బాగుండునని ఎంతగా అనిపించిందో చెప్పలేను.

ఆ నెలలోనే పట్టుబట్టి దిగడం నేర్చుకున్నాను. మొదటిసారి నడివీధిలో, రాయి లేనిచోట, చక్కగా దిగి దండం పెడితే బుగతగారు సంతోషించినట్టు కనబడలేదు. రాళ్లు దండగ అయ్యాయి కదమ్మా అన్నారు. అందుకని ఆయన ఉన్నంతకాలం నేను రాళ్ల మీదే దిగాను.

ఈమధ్య ఒక పెళ్లికి అటువైపు వెళ్లాను. కారు ఊరి నడిమధ్య దాకా పోయింది. ఇప్పుడక్కడి నర్సు స్కూటర్ మీద తిరుగుతుంది, ఎవరి అరుగు ముందూ ఆగదు, ఆగమనేవారూ లేరు. ఎవరి వీధిలోనైనా ఎవరైనా సాగిపోవచ్చు. మంచికాలమే వచ్చింది, రావలసిందే, మా నాన్న చూసి ఉంటే ఎంతో సంతోషించేవారు. ఆ గట్టు ఉన్న చోట నల్లటి తారురోడ్డు పడింది, ఎదురెదురుగా రెండు లారీలు ఒకదాన్నొకటి చూసుకోకుండా పోతున్నాయి. ఒకరు దిగితేగాని ఇంకొకరు వెళ్లలేని దారులు ఇక లేవు. కారు అద్దంలోంచి చూస్తుంటే, పక్క మడిలో ఆయన నిలబడిన చోటు ఏదో నాకు ఆనవాలు దొరకలేదు.